వావిలాకు నీళ్ళు

కిందటి నెలలో మా తమ్ముడి మనవరాలికి విజయనగరంలో కాన్పయింది. పసిదాన్ని చూసి, ప్రార్థన చేసి వద్దామని వెళ్ళాను. కింద బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు నన్ను ఆపి, "ఇన్సూరెన్సా, కార్డా, క్యాషా అండీ?" అని అడిగాడు. నేను రోగిని కాననీ, మనవరాలిని చూడడానికి వచ్చిన మామ్మననీ చెప్పాక మెట్ల వైపు చెయ్యి చూపించాడు. పైన చల్లటి గదిలో ఆ పిల్ల దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. "మామ్మా, నాకసలు నొప్పులే రాలేదు తెలుసా? గిన్నెలు తోముతుంటే ఉమ్మనీరు పోనాది. ఈయన కంగారుపడిపోయి చెప్పుల్లేకుండానే వేనెక్కీసినాడు. ఇక్కడ నర్సులు నన్ను సూడ్డం మానేసి ఈయన కాళ్ళు సూసి ఒకటే నవ్వు," అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కాని పసిదాని పాదం పట్టుకున్న నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. ప్రార్థనకి కళ్ళు మూసుకున్నాను. సంఘంలో ఎవరింట దీవెన కావాలన్నా మొదట నన్ను లేవమంటారు. అలాంటిది ఆ గదిలో "ప్రభువా" అన్న మాట దగ్గరే నిలబడిపోయాను. కాసేపు చూసి ఆ పిల్లే నన్ను తట్టింది. "మామ్మా, నిద్రోయేవా? ఆమెన్ అనీమంటావా?"

తిరుగు బస్సులో కొత్తవలస దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గాని ఏ ఊరు దాటామో తెలియలేదు. మా అప్ప గురించే ఆలోచన. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె పేరు సంతోషమ్మ. అమ్మా అయ్యా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. బావ అప్ప పోయాక ఇంకో పెళ్ళి చేసుకుని, పిల్లల్ని పెంచి, ఆయనా వెళ్ళిపోయాడు. తమ్ముడికి అప్పటికి ఊహ తెలియదు. అప్పని పేరుతో తలుచుకునేదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే.

మా ఊరు కొత్తవలసకి కొండల వైపు, గెడ్డలు దాటి వెళ్ళాల్సిన చోట ఉంది. గెడ్డలంటే కొండ వాగులు. వేసవిలో పిల్లలు ఆడుకునే ఇసుక, వానాకాలంలో మనిషిని మింగే నీరు. అయ్య మా సంఘానికి ఉపదేశి. పాదిరిగారు పట్నంలో ఉండేవారు, నెలకో రెణ్ణెల్లకో వచ్చి, రొట్టే ద్రాక్షరసమూ పంచి ప్రభువు బల్ల ఆచరించి వెళ్ళేవారు. మిగిలిన అన్ని ఆదివారాలూ తాటాకు గుళ్ళో వాక్యం చదివి చెప్పే బాధ్యత అయ్యది. మిగతా రోజుల్లో ఆయనా అందరిలాగే చోడి చేలో వంగి కలుపు తీసేవాడు. చోళ్ళంటే రాగులు. ఇంకా వెలుగు రాకముందే మమ్మల్ని లేపి, కిరసనాయిలు దీపం ముందు కూర్చోబెట్టి వాక్యం చదివేవాడు. ఆ కిరసనాయిలు వాసనా, పొయ్యి మీద చోడి అంబలి పొంగే వాసనా, అయ్య గొంతూ నా లోపల ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. ఇప్పటికీ వాక్యం తెరిస్తే నాకు మొదట కిరసనాయిలే వాసన వేస్తుంది. అమ్మకి చదువు రాదు. కాని అయ్య ఒకసారి చదివింది ఆమె చెవిలో పడితే ఇక పోదు. అంబలి తిప్పుతూనే, అయ్య ఎక్కడైనా ఒక మాట మింగేస్తే అక్కణ్ణించే అందించేది. విన్నమాట విన్నట్టు పట్టుకోవడం, పట్టుకున్నది పట్టుకున్నట్టు చెయ్యడం, ఆమె భక్తి అంతా అదే. "సెవులిచ్చినాడు గదా దేవుడు, కళ్ళు లేకపోతే ఏటి?" అనేది. చదువు రాకపోవడాన్ని ఆమె కళ్ళు లేకపోవడం అనేది.

అప్పకి మొదటి కాన్పు ఊళ్ళోనే, మంత్రసాని పైడమ్మ చేతిలో అయింది. బిడ్డ అడ్డం తిరిగింది. అప్ప దక్కింది గాని బిడ్డ దక్కలేదు. రెండోసారి నెల తప్పిందని తెలియగానే పైడమ్మ తనంతట తనే మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "ఉపదేశమ్మా, దీన్ని మాత్రం ఈసారి నా సేతిలో పెట్టకు. నాకు బయ్యంగా ఉన్నాది. ఏ ఆసుపత్రికైనా తీసుకెల్లిపో," అని అమ్మ ఇచ్చిన వక్క కూడా నోట్లో వేసుకోకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే మాట. ఏ ఆసుపత్రి? ఎవరు చేర్చుకుంటారు?

మా బావ ఏసుదాసు కొండల్లోకి కొత్తగా వేసిన రైలు దారి మీద కూలి. వానలకి జారిపడే రాళ్ళు తీసి, కంకర ఎత్తి పోసే మనిషి. మొదట ఆయనే ధీమాగా చెప్పాడు. "మావా, రైలోల్లకి పెద్ద ఆసుపత్రి ఉన్నాది. మంచాల మీద పరుపులంట. నానూ రైలోణ్ణే గదా." మర్నాడు పని దగ్గర మేస్త్రీని అడిగి వచ్చి, నవ్వుతూ గుమ్మంలో చెప్పాడు. "అది పర్మినెంటోల్లకంట మావా. కంట్రాక్టోల్లకి కాదంట. 'నువ్వు పర్మినెంటు అయినాక నీలాడమను నీ పెల్లాన్ని' అన్నాడు మేస్త్రి." అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ ఆ నవ్వు నవ్వుతూనే ఇంటి వెనక్కి వెళ్ళి, గడ్డివాము దగ్గర చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. నీలాడడం అంటే మా మాటల్లో ప్రసవించడం. మాకు నెల తప్పినా నీళ్ళే, కాన్పయినా నీళ్ళే. కడుపుతో ఉంటే నీళ్ళోసుకుంది అంటాం, కంటే నీలాడింది అంటాం.

తరువాత అయ్య తిరిగాడు. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళి కనుక్కుని వచ్చాడు. నొప్పులతో తీసుకొస్తే చేర్చుకుంటామన్నారట, మంచం ఖాళీ ఉంటే మంచం, లేకపోతే చాప. ముందుగా చూడడం, మందులివ్వడం లాంటివి ఉన్నాయా అని అడిగితే ఎవరూ తల ఎత్తి జవాబివ్వలేదట. ఒక డాక్టరమ్మ సొంత ఆసుపత్రి ఉందంటే అక్కడికీ వెళ్ళాడు. వాకిట్లో నిలబెట్టిన కార్లు చూసి లోపలికి అడుగు పెట్టకుండానే వెనక్కి వచ్చేశాడు. "అడిగితే పోయేదేటి?" అంది అమ్మ. "అడగడానికీ మొకం ఉండాలే," అన్నాడు అయ్య. ప్రార్థనలో దేవుణ్ణి ఏదైనా అడగగలిగే మనిషి ఆ మాట అనడం నాకు కొత్తగా అనిపించింది.

చివరికి పాదిరిగారు మిషను ఆసుపత్రిలో మాట్లాడారు. అక్కడ బీదల కోసం కొన్ని మంచాలు ఉండేవి. సంఘస్థులైతే, పాదిరిగారు నోటిమాట చెబితే, కాన్పుకి ఏమీ తీసుకోరు. రైలు దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. అప్పని నెలనెలా చూపించాలి, అక్కడి సిస్టరమ్మ చెప్పినవన్నీ పాటించాలి. తిండి మాత్రం మనదే, ఆసుపత్రి వెనక వంటపాకలో మనవాళ్ళే వండుకోవాలి. మా ఇంట్లో వరి బియ్యం పండగనాటి మాట. బాలింతకి పదిరోజులు అన్నం పెట్టాలంటే ఎక్కణ్ణించి తేవాలి? అప్పుడు సంఘం స్త్రీలు ఒక మాట ఆలోచించారు. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో గింజలు వేసే ముందు ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేసేది. బియ్యమైతే బియ్యం, చోళ్ళయితే చోళ్ళు. ఆదివారం ఆ కుండలు గుడికి తెచ్చి గుమ్మరిస్తే అవి అమ్మి గుడి కప్పుకీ దీపానికీ వాడేవారు. "ఆ పిడికెడు బియ్యం ఈ కొన్ని నెలలూ సంతోషమ్మకి ఇచ్చేద్దాం," అంది మార్తమ్మ పిన్ని. అయ్య ఒప్పుకోలేదు. ప్రభువుకి వేరుచేసింది తన కూతురికి వాడుకున్నాడన్న మాట వస్తుందని ఆయన భయం. మార్తమ్మ పిన్ని సంఘం మధ్యలో లేచి నిలబడింది. "ఉపదేశిగోరూ, పెబువుకి ఆకలేస్తే ఆయనే నోరిప్పి అడుగుతాడు. దీనికి నోరు లేదు. అయినా కూతురు మీదైతే మాత్రం, కడుపు సంగానిది కాదేటి?" గుడి అంతా గొల్లున నవ్వింది. అప్ప సిగ్గుతో అమ్మ వెనక దాక్కుంది. ఆ వేసవంతా అందరి ఇళ్ళల్లోంచీ పిడికెళ్ళు మా ఇంటికి వచ్చాయి.

నెలనెలా అమ్మ అప్పని తీసుకుని వెళ్ళేది. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. నన్ను లోపలికి రానిచ్చేవారు కాదు, వరండాలో చెప్పుల దగ్గర కూర్చునేదాన్ని. సిస్టరమ్మ గుంటూరు వైపు మనిషి. తెల్లటి చీర, వేగంగా నడక, నడక కన్నా వేగంగా మాట. దూరపు ఊళ్ళ వాళ్ళు ప్రాణం మీదికి వచ్చాక గాని రారని ఆమెకి కోపం. ప్రతి జాగ్రత్తా చెప్పి, చివర్న అందరితోనూ ఒకే మాట అనేది. "చెప్పినట్టు చెయ్యకపోతే మాత్రం ఇక్కడికి రావద్దు." ఆ మాట వరండాలోకి నాకూ వినిపించేది. అమ్మ ఆ మాటని అక్షరాలా నమ్మింది. ఏ చిన్న తప్పు చేసినా మంచం పోతుందని ఆమెకి దిగులు. ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా సిస్టరమ్మ మాటల్ని వల్లెవేసుకుంటూ నడిచేది, ఉదయం వాక్యాన్ని వల్లెవేసుకున్నట్టే.

చివరిసారి వెళ్ళి వచ్చినప్పుడు అమ్మ ముఖం వెలిగిపోతూ ఉంది. "సూసేవా, మన పద్దతి ఆల్లకీ తెలుసు. నీల్లు పొయ్యంగానే తెచ్చీమన్నాది," అని మార్తమ్మ పిన్నికి చెప్పింది. మా వైపు ఒక ఆచారం ఉండేది. నొప్పులు మొదలవగానే వావిలాకు వేసి కాచిన నీళ్ళు నడుం మీద పోస్తారు. ఉత్త నొప్పులైతే ఆ వేడికి తగ్గిపోతాయి, నిజం నొప్పులైతే ఎక్కువవుతాయి. అలా చూసుకున్నాకే మంత్రసానిని పిలిచేవారు. ఆసుపత్రి వాళ్ళు కూడా అదే చెప్పారని అమ్మకి సంతోషం. సిస్టరమ్మ అన్నది మాత్రం "నీళ్ళు పోంగానే తీసుకొచ్చెయ్యండి" అని. ఉమ్మనీరు పోయిన వెంటనే రమ్మని. దానిని ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ అలా అనేవారు కాదు. ఉమ్మనీరు దిగింది అనేవాళ్ళం. నీళ్ళు అంటే మాకు పోసుకునేవి, పోసేవి.

గోగు ఊరవేసే రోజులు. నారకోసం గోగుకట్టలు కోసి చెరువుల్లో ముంచితే అవి కుళ్ళి ఊరంతా ఒక వాసన వచ్చేది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాసనే, మాకది పంట వాసన. ఒక శనివారం మధ్యాహ్నం చోళ్ళు చెరుగుతూ ఉండగా అప్ప చేట దించేసి అమ్మని పిలిచింది. ఉమ్మనీరు దిగింది. అమ్మ కంగారు పడలేదు. "ఇంకేటి, నొప్పులొచ్చేస్తాయి. రాగానే నీల్లు పోసి బయల్దేరిపోదాం," అని పెద్ద కాగు పొయ్యి మీద పెట్టి వావిలాకు దూసి వేసింది. సాయంత్రమయింది, నొప్పులు రాలేదు. ఆదివారం గుడి అయింది, రాలేదు. కాగు చల్లారుతూ ఉండేది, అమ్మ మళ్ళీ మంట పెడుతూ ఉండేది. ఇల్లంతా వావిలాకు ఘాటు. ఆ ఘాటు కింద గోగు వాసన. అప్ప చాప మీద ఒత్తిగిలి పడుకుని, బావతో మెల్లగా కబుర్లు చెప్పేది. "కొడుకైతే ఏటి పేరు?" అని బావ అడిగితే, "పర్మినెంటు," అంది అప్ప. ఆ రోజు వాళ్ళిద్దరూ నవ్విన నవ్వే నేను ఆఖరిసారి విన్న అప్ప నవ్వు.

ఆదివారం సాయంత్రానికి అప్పకి ఒళ్ళు వెచ్చబడింది. అయ్య రెండుసార్లు అడిగాడు. "ఇప్పుడే తీసుకెల్లిపోతే ఏటి?" అమ్మ ఒప్పుకోలేదు. "నీల్లు పొయ్యకండా తీసుకెల్తే ఆ అమ్మ గుమ్మం కాడే అడుగుతాది. సెప్పినట్టు సెయ్యనోల్లు రావద్దని ఎన్నిసార్లన్నాదో నీకు తెల్దు. మంచం పోతే ఎక్కడ పెడతావు దీన్ని?" అయ్య ఊరుకున్నాడు. ఆయన వినలేదు కదా ఆ మాట, విన్నది అమ్మ. విన్నవాళ్ళ మాట నమ్మడం తప్ప ఆయనకి దారి లేదు. సోమవారం తెల్లవారుతూ ఉండగా సన్నగా నొప్పులు వచ్చాయి. అప్పటికి అప్ప వణికిపోతూ ఉంది. అమ్మ చలికేమో అనుకుని ఇంకాస్త వేడిగా కాచి, నడుం మీద, వీపు మీద, ప్రేమగా చెంబు చెంబూ పోసింది. జుట్టు తుడిచి, ఉతికిన చీర కట్టింది. బావా, సంఘం మగవాళ్ళూ అప్పని మంచం మీద మోసుకుని గెడ్డలు దాటించి కొత్తవలసలో రైలెక్కించారు.

ఆసుపత్రిలో ఆ రోజు నన్నెవరూ ఆపలేదు. తడి చీరల మూట పట్టుకుని అమ్మ వెనకే లోపలికి వెళ్ళిపోయాను. సిస్టరమ్మ అప్ప నుదుటి మీద చెయ్యి వేస్తూనే అడిగింది.

"నీళ్ళు ఎప్పుడు పోయినయ్యమ్మా?"

"ఈయేల తెల్లారగట్లే పోసేనమ్మా. బాగా కాగినివే. వావిలాకేసి మరీ పోసేను."

"ఆ నీళ్ళు కాదమ్మా. ఉమ్మనీరు. ఉమ్మనీరు ఎప్పుడు పోయింది?"

"అదా? అది శనోరమే దిగీసింది," అంది అమ్మ. ఆమె గొంతులో పాఠం అప్పజెప్పిన పిల్ల గర్వం ఉంది. "నువ్వు సెప్పినట్టే, నొప్పులొచ్చేదాకా ఆగి, నీల్లు పొయ్యంగానే తెచ్చీసినాం. ఒక్క నిమసం ఆలీసం సెయ్యలేదు. కావాలంటే మా ఇంటాయన్ని అడుగు."

సిస్టరమ్మ చెయ్యి అప్ప పొట్ట మీద ఆగింది. ఆమె అమ్మని చూసింది. తరువాత గుమ్మంలో నిలబడిన అయ్యని చూసింది. అయ్య పెదవులు కదులుతున్నాయి. పోంగానే, పొయ్యంగానే. ఆయన శబ్దం లేకుండా ఆ రెండు మాటలూ పలికి చూసుకుంటున్నాడు. చదువు వచ్చిన మనిషి కదా, ఎక్కడ జారిందో ఆయనకి దొరికిపోయింది. నాకూ దొరికింది. ఎప్పుడూ వేగంగా మాట్లాడే సిస్టరమ్మ అప్పుడు చాలా మెల్లగా అంది. "అవునమ్మా. నేను చెప్పినట్టే చేశావు. నువ్వు బయట కూర్చో." అంతకు ముందు గాని ఆ తరువాత గాని అంత దయగల అబద్ధం నేను వినలేదు.

బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. ఆడపిల్ల. డాక్టరమ్మ చెయ్యగలిగినవన్నీ చేసింది, సిస్టరమ్మ ఇంటికి వెళ్ళకుండా అప్ప మంచం పక్కనే ఉంది. విషం ఒళ్ళంతా పాకిపోయింది. అప్ప జ్వరంలో గుడి కీర్తనలు కలిపి కలిపి పాడేది, ఒకదాని పల్లవికి ఇంకొకదాని చరణం. మధ్యలో అమ్మ చెయ్యి పట్టుకుని, "అమా, సలేస్తన్నాదే. ఇంకో సెంబు పొయ్యవే," అంది. బుధవారం పగలు, ఎండ బాగా వచ్చాక, ఆమె వెళ్ళిపోయింది. మార్తమ్మ పిన్నీ ఇంకొందరు స్త్రీలూ బాలింతకి వండి పెట్టడానికి బియ్యం మూట నెత్తిన పెట్టుకుని అప్పుడే రైలు దిగి వచ్చారు. ఆ బియ్యం ఊరికి తిరిగి వెళ్ళింది. అప్పని మోసినవాళ్ళకి, గొయ్యి తవ్వినవాళ్ళకి వండి పెట్టాం. నేనూ తిన్నాను. ఆకలి వేసింది, తిన్నాను.

దేవుడి చిత్తమని ఆ వారమంతా అందరూ అన్నారు. నేను పునరుత్థానాన్ని నమ్ముతాను. అప్పనీ, పేరు పెట్టని ఆ పిల్లనీ ఆ రోజున చూస్తానని, ఇప్పుడు ఈ కాగితాన్ని చూస్తున్నంత స్పష్టంగా నమ్ముతాను. కాని మంచం పోతుందన్న భయాన్ని మా అమ్మ గుండెలో పెట్టింది ఆయన కాదు. ఆ భయాన్ని ఆయన మీద వెయ్యడానికి నా విశ్వాసం ఒప్పుకోదు. డబ్బున్న ఇల్లాలైతే సిస్టరమ్మని నిలబెట్టి "ఏమన్నావు, మళ్ళీ చెప్పు" అనేది. దయ మీద దొరికిన మంచానికి వచ్చినవాళ్ళు మళ్ళీ చెప్పమని అడగరు. తల ఊపి, దొరికినంత పట్టుకుని వెళ్ళిపోతారు. ఇప్పుడు ఆసుపత్రి బళ్ళు ఊళ్ళోకే వస్తున్నాయి, కార్డులు ఉన్నాయి, గోడల నిండా బొమ్మలతో జాగ్రత్తలు రాసి ఉన్నాయి. స్తోత్రం. నేనా మార్పుని తక్కువ చెయ్యను. అయినా ఆ రోజు విజయనగరంలో డాక్టరు వచ్చి గబగబా ఏదో చెప్పి వెళ్ళాక, తల ఊపిన మా పిల్లని "అర్థమయిందా?" అని అడిగితే, "లేదు మామ్మా, ఫోన్లో సూసుకుంటాంలే," అంది. నేను లేచి వెళ్ళి ఆ డాక్టరుని వెనక్కి పిలుచుకొచ్చాను.

అప్పని మట్టి చేసి వచ్చిన సాయంత్రం అయ్య నన్ను చేను గట్టు మీద కూర్చోబెట్టాడు. "ఎస్తేరూ, సిస్టరమ్మ ముందు నువ్వున్నావు. నీకూ తెలిసిపోనాది, నాకు తెలుసు. అమ్మకి సెప్పకు. అది బతకదు," అన్నాడు. అబద్ధం కాదా అని నేను అడగలేదు. ఆయన మాత్రం, అడిగినట్టే, "అబద్దమే," అని లేచి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఉదయం చదువుల్లో ఒక అధ్యాయం వచ్చింది. యొర్దాను రేవుల దగ్గర కావలివాళ్ళు దాటవచ్చిన ప్రతి మనిషి చేతా ఒక్క మాట పలికించేవారు. ఒక్క అక్షరం తేడాగా పలికితే శత్రువుగా పోల్చుకుని అక్కడికక్కడే చంపేవారు. అయ్య ఏ అధ్యాయాన్నీ దాటనిచ్చే మనిషి కాదు, పేర్ల పట్టికలు కూడా వరసగా చదివేవాడు. ఆ రోజు ఆయన వేళ్ళు రెండు ఆకులు కలిపి తిప్పాయి. అమ్మ పొయ్యి ముందు అంబలి తిప్పుతూ ఉంది. ఆమె గమనించలేదనుకున్నాను. వరస మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చింది. అయ్య బతికినన్నాళ్ళూ ఆ అధ్యాయం మా ఇంట్లో వినబడలేదు.

ఆ తరువాత సంఘంలో ఏ పిల్ల నీళ్ళోసుకున్నా అమ్మ వెంట వెళ్ళేది. పిలవకపోయినా వెళ్ళేది. నర్సు చెప్పిన ప్రతి మాటనీ, "మల్లీ సెప్పమ్మా, మా మాటల్లో సెప్పు," అని ఒకటికి రెండుసార్లు చెప్పించేది. వాళ్ళు విసుక్కునేవారు. మార్తమ్మ పిన్ని ఊరంతా చాటింది. "ఓలమ్మో, ఉపదేశమ్మకి సెవుడొచ్చీసింది." అమ్మ నవ్వి ఊరుకునేది. వయసు మీద పడిందని మేమూ అనుకున్నాం.

అయ్య పోయిన ఏడాది నేను అమ్మ దగ్గర కొన్నాళ్ళు ఉన్నాను. ఒక ఉదయం అలవాటుగా ఆమెకి వాక్యం చదవబోతే, ఆ రేవుల అధ్యాయం ఎక్కడుందో చెప్పి అదే చదవమంది.

"అది నీకెందుకే అమ్మా?"

"మీ అయ్య ఆకులు రెండు కలిపి తిప్పిన నాడే నాకు తెలిసిపోనాదే. నా సెవులకేటయినాది? ఏటి దాటేసినాడో నాకు తెల్దా? ఆ అమ్మ మాట, నా మాట, రెండూ పక్కపక్కన పెట్టుకుని సూసుకున్నాను."

ఇన్నేళ్ళూ. చల్లారిన పొయ్యి వైపు చూస్తూ అడిగాను, మరి అయ్యతో ఒక్కసారైనా ఎందుకు అనలేదని.

"అంటే, ఆయన నా కోసం మోసిందంతా ఏటవతాదే?" అంది. "ఇప్పుడాయన లేడు. ఇక సదువు."

చదివాను. ఒక్క అక్షరం కూడా మింగకుండా, మెల్లగా చదివాను. అమ్మ చివరిదాకా విని, ఆమెన్ అంది.